కొలతల పుస్తకంలో పేర్లు

టైలరు కొలతలు తీసుకునేటప్పుడు నోరు తెరవడు. మిగతా దుకాణాల్లో ఒకరు టేపు పట్టి అంకె పైకి చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా వింటారు. ఇక్కడ అలా కుదరదు. టైలరు మూడు కొలతలు తీసి, మనసులో పెట్టుకుని, కటింగ్ బల్ల దాకా నడిచి, పుస్తకంలో రాసి, మళ్ళీ వచ్చి ఇంకో మూడు తీస్తాడు. ఒక కోటుకు నాలుగుసార్లు నడవాలి.

పుస్తకంలో పేర్లు కూడా ఉండవు. అది వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. పుస్తకం రేపు ఎవరి చేతిలోనైనా పడొచ్చు, కాబట్టి మనిషి పేరూ నడుం కొలతా ఒకే వరసలో ఉండకూడదని ఆయన అనేవాడు. అందుకని ఒక్కొక్కరికీ ఒక గుర్తు. నాలుగు జేబులు పెట్టినా చాలవనే ఆయన ‘జేబులు’. చెప్పులు వేసుకుంటూ ఇప్పుడే వస్తానని వెళ్ళి మూడు నెలలకు తిరిగొచ్చే ఆయన ‘ఇప్పుడే వస్తా’. మేడ మీద క్లినిక్కున్న పళ్ళ డాక్టరు నడుం కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు, కనుక ‘ఊపిరి’. ఏ గుర్తు ఎవరిదో టైలరుకు తెలుసు. కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టే అతని భార్యకు తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఆ పుస్తకంలో ‘ఎడమ భుజం’ అని ఒక వరస ఉంది. అది రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ది. ఆమె ఎడమ భుజం కుడి భుజం కన్నా అరంగుళం కిందికి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ కింద మొదటి కోటు కొలిచిన రోజే టైలరు అది చూశాడు. ఎడమ భుజం కింద పెట్టే ప్యాడులో ఒక పొర ఫెల్టు గుడ్డ ఎక్కువ పెట్టి కుట్టాడు. ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు కుడుతున్నది పన్నెండో కోటు, ఇప్పటికీ చెప్పలేదు. “మా టైలరు కోటు వేసుకుంటే మనిషి దానంతటదే నిటారుగా నిలబడుతుంది” అని ఆమె నలుగురిలో అంటుంది. టైలరు తల వంచుకుని సుద్ద ముక్క వెతుక్కుంటాడు.

పుస్తకం పాతబడింది. ఇస్త్రీ పెట్టె ఆవిరికి సిరా పాకింది. పేజీలు దారంతో కట్టి ఉన్నాయి. దాన్ని చూసి ఆగలేకపోయినవాడు బావమరిది. అతను ఇన్సూరెన్స్ ఏజెంటు. కొత్తది ఏది వచ్చినా ముందు తన ఫోనులో వేసుకుంటాడు, తర్వాత చుట్టాల ఫోనుల్లో వేస్తాడు.

“బావా, ఇంకా ఈ అట్టల కట్టేనా?” అన్నాడు ఒక మధ్యాహ్నం. “దీనికో యాప్ ఉంది. పేజీలు ఫోటో తీస్తే అదే చదివి రాసుకుంటుంది. బట్ట సిద్ధమైతే మెసేజీ కూడా అదే పంపిస్తుంది. ఊరికేనే.”

“ఊరికే ఇచ్చి వాళ్ళేం తింటారు?” అన్నాడు టైలరు.

“ప్రకటనలు తింటారు బావా. నీకెందుకు వాళ్ళ భోజనం సంగతి?”

పళ్ళ డాక్టరు రెండు పళ్ళ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా టీ గ్లాసుతో కిందికి దిగుతాడు. ఆ రోజూ బెంచీ మీద ఉన్నాడు. “జాగ్రత్తండోయ్” అన్నాడు. “పరుపు మార్చాలని మా ఆవిడతో అన్నాను. అంతే. ఫోను బల్ల మీద ఉంది. ఆ సాయంత్రం నుంచి నెలరోజులు పరుపులే. సరే కదా అని కొన్నాను. కొన్నాక కూడా పరుపులే. ఒక మనిషి ఎన్ని పరుపుల మీద పడుకుంటాడనుకుంటున్నారో వాళ్ళు.”

“విననివ్వండి డాక్టరుగారూ” అంది టైలరు భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ. “మా ఇంట్లో నా మాట వినేది అదొక్కటైనా ఉంది.”

“అసలు మనకి దాచుకోడానికేముందండీ?” అన్నాడు బావమరిది. “మనమేమన్నా మంత్రులమా?”

“దాచుకోడానికేం లేనివాడివి, మొన్న నా కుర్చీలో నోరు తెరవమంటే పావుగంట పట్టిందేం?” అన్నాడు డాక్టరు.

టైలరు రెండు రోజులు ఆలోచించాడు. అతని ఆలోచన ఒక్కటే. పుస్తకంలో పేర్లు లేవు. పేర్లు లేనప్పుడు ఎవరు చదివినా ఏం దొరుకుతుంది? జేబులెవరో, ఊపిరెవరో ఆ కంపెనీవాళ్ళు ఏ జన్మకి కనుక్కుంటారు? నాన్న పద్ధతి ఉండగా భయమెందుకు అనుకున్నాడు. బావమరిది పేజీలు పట్టుకున్నాడు, టైలరు ఫోటోలు తీశాడు. చివర యాప్ ఏవేవో అడిగింది, ఒక్కోదానికి ‘సరే’ నొక్కుతూ పోయాడు. మీ ఫోనులోని నంబర్లు చూడొచ్చా అన్నది తొమ్మిదో ప్రశ్న. దానికీ ‘సరే’ నొక్కాడు.

ఫోనులో అతను నంబర్లు రాసుకున్నది కూడా పుస్తకంలోని గుర్తులతోనే. నలభై ఏళ్ళ అలవాటు. మనుషులు అతనికి గుర్తొచ్చేదే అలా. ఆ సంగతి ఆ నిమిషంలో తట్టలేదు.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారం శనివారం పొద్దున డాక్టరు చేతి తొడుగులతోనే మెట్లు దిగి వచ్చాడు.

“టైలరుగారూ, ఊపిరి అంటే ఎవరు?”

టైలరు చేతిలో కత్తెర ఆగింది. డాక్టరు ఫోను ముందుకు చాపాడు. అందులో ఇలా ఉంది: ‘ప్రియమైన ఊపిరి గారికి నమస్కారం. గత రెండేళ్ళలో మీ నడుం రెండున్నర అంగుళాలు పెరిగింది. మా పొట్ట బెల్టుపై ఈ వారమే తగ్గింపు.’ కింద ఈ టైలరు దుకాణం పేరు.

టైలరు తన ఫోను తీశాడు. యాప్‌లో జాబితా ఉంది, పుస్తకంలోని ఒక్కో గుర్తు పక్కన ఫోనులోని ఒక్కో నంబరు. రెండు వందల పన్నెండు మందికి మెసేజీలు వెళ్ళాయి. అతను చూసింది ఒక్క వరసే. ఎడమ భుజం: పంపబడింది.

“ఆవిడ ట్రయల్‌కి నాలుగింటికి వస్తానన్నారు” అంది భార్య.

మరునాడు స్కూలు యాభై ఏళ్ళ సభ. హెడ్మిస్ట్రెస్ వేదిక మీద మాట్లాడాలి. కోటు అందుకే. అంతమంది ముందు నిలబడబోయే మనిషి ఇంతకాలం తెలియని మాటను ఒక బెల్టు ప్రకటనలో చదువుకోవాలి. టైలరు కుర్చీలో కూర్చున్నాడు. పనివేళలో అతను కూర్చోవడం భార్య చూడటం అదే మొదటిసారి.

పదింటి నుంచి జనం రావడం మొదలైంది. తిట్లు తినడానికి టైలరు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇద్దరు ఇచ్చిన బట్ట తిరిగి తీసుకుని మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వాళ్ళను అతను ఆపలేదు. మిగతావాళ్ళు అంత తొందరగా వెళ్ళలేదు. నడుం కొలత బయటపడిందన్న బాధ కన్నా ఆ పేరెందుకు పెట్టావన్న తగువే ఎక్కువైంది.

“నేను ఒక్కసారే అడిగాను ఆరో జేబు” అన్నాడు ‘జేబులు’ ఆయన.

“మూడుసార్లండి” అంది టైలరు భార్య. “ఒకసారి చొక్కా లోపలివైపు కూడా పెట్టమన్నారు.”

‘ఇప్పుడే వస్తా’ కూడా వచ్చాడు. ఈ పేరు మార్చకపోతే ఊరుకోనన్నాడు. బండి తాళం మరిచానని ఇప్పుడే వస్తానంటూ వెళ్ళాడు. సాయంత్రం దాకా రాలేదు.

పన్నెండింటికి బావమరిది వచ్చాడు. “బావా, నాకూ వచ్చింది. అద్దం గారికి నమస్కారం అని. నేను అద్దమా?”

“నువ్విప్పుడు ఎక్కడ నిలబడి అడుగుతున్నావో చూసుకో” అన్నాడు టైలరు.

బావమరిది చూసుకున్నాడు. ట్రయల్ అద్దం ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి జుట్టు మీద ఉంది. చెయ్యి దించి పక్కకు జరిగాడు. హెడ్మిస్ట్రెస్ సంగతి అక్కయ్య చెవిలో చెబితే విని కాసేపు గోళ్ళు కొరికాడు.

“బావా, నా వల్లే నీ పీకల మీదికొచ్చింది. నేనే సర్దుతాను. ట్రయల్‌కి లోపలికి వెళ్ళేటప్పుడు ఆవిడ బ్యాగు బల్ల మీద పెడుతుందిగా. నాకు రెండు నిమిషాలు చాలు. మెసేజీ తీసేస్తాను. ఆవిడ చూసి ఉండకపోతే అక్కడితో సరి.”

“ఆవిడ బ్యాగులో చెయ్యి పెడతావా?”

“ఆవిడ మంచికే కదా.”

“ఆ కంపెనీవాడూ అదే అంటాడు” అన్నాడు టైలరు. “మన మంచికేనని.”

హెడ్మిస్ట్రెస్ నాలుగింటికి ఒక నిమిషం ముందు వచ్చింది. ఎప్పుడూ అంతే. బ్యాగు బల్ల మీద పెట్టింది. బావమరిది చేతులు వెనక్కి కట్టుకుని బెంచీ చివరకు జరిగాడు. డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. అతని టీ ఎప్పుడో అయిపోయింది.

“మేడమ్, ఇవాళ ఫోను చూశారా?” అన్నాడు టైలరు.

“సాయంత్రం దాకా ఆపే ఉంచుతాను. అది మోగితే నేను పరిగెత్తాలా? ముప్ఫై ఏళ్ళు గంట కొట్టించినదాన్ని నేను.”

చూడలేదన్నమాట. కోటు హ్యాంగరుకు ఉంది. తొడిగి, అద్దం చూపించి పంపించేస్తే ఈ సాయంత్రం తను గట్టెక్కుతాడు. ఆమె ఇంటికి వెళ్ళి ఫోను తెరుస్తుంది, ఒక్కతే ఉన్నప్పుడు చదువుతుంది. టైలరు హ్యాంగరు మీద చెయ్యి వేసి, తీసేశాడు.

“తప్పు జరిగింది మేడమ్. నా చేతులతోనే చేశాను. మీకొక మెసేజీ వచ్చి ఉంటుంది. నా ముందే చూడండి.”

ఆమె ఫోను తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ‘ప్రియమైన ఎడమ భుజం గారికి నమస్కారం. మీ భుజాల మధ్య అరంగుళం తేడా ఉంది. మా వీపు పట్టీతో నిటారుగా నిలబడండి.’ రెండోసారి చదివింది. వేసుకుని వచ్చిన కోటు విప్పి కుర్చీ మీద వేసి అద్దం ముందుకు వెళ్ళింది. ఎడమవైపు చూసుకుంది. కుడివైపు చూసుకుంది.

“రోజూ పొద్దున్నే పదిహేను వందల మంది పిల్లల్ని సరిగ్గా నిలబడమని అరిచాను” అంది.

“అవునండి.”

“నేను నిలబడలేదు. మీరు నిలబెట్టారు.”

“ఒక పొర ఫెల్టు మేడమ్. అంతే.”

“ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు. అడగని కొలత చెప్పడం మాకు అలవాటు లేదు.”

“ఇంకెవరికి తెలుసు?”

“మా ఆవిడకి. ఆ కంపెనీకి.”

“నాకు కూడా అండి. మధ్యాహ్నం నుంచే” అన్నాడు బావమరిది.

“నువ్వెవరు?”

“అద్దం అండి” అంది టైలరు భార్య. “మా తమ్ముడు.”

హెడ్మిస్ట్రెస్ పెదవులు బిగించింది. అవి ఎక్కువసేపు ఆగలేదు. ఆమె నవ్వగానే డాక్టరు నవ్వాడు, తర్వాత బావమరిది. టైలరు మాత్రం నవ్వలేదు. అతను కుర్చీ మీద పడి ఉన్న కోటు తీసి దులిపి హ్యాంగరుకు తగిలించాడు.

నవ్వయ్యాక ఆమెకు స్కూలు గుర్తొచ్చింది. బావమరిదిని లేపి నిలబెట్టి, తన ఫోనులోంచే కంపెనీకి ఉత్తరం చెప్పి రాయించింది. మా కొలతలు మా టైలరుకు ఇచ్చాం, మీకు ఇవ్వలేదు, ఈ రోజే తీసేయండి. పంపిన నిమిషానికి జవాబొచ్చింది: ‘ప్రియమైన ఎడమ భుజం గారికి, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.’

“చదవకుండా రాసే పిల్లలే ముందు కాగితం ఇచ్చేస్తారు” అంది ఆమె.

బావమరిది యాప్‌లో ఖాతా మూయడానికి కూర్చున్నాడు. ఎందుకు వెళ్ళిపోతున్నారని అది అడిగి ఐదు కారణాలు చూపించింది. అందులో వీళ్ళ కారణం లేదు. దగ్గరగా ఉన్నదేదో నొక్కాడు. వివరాలు చెరపడానికి ముప్ఫై రోజులు పడుతుందని వచ్చింది.

“నా పుస్తకం పొయ్యిలో వేస్తే ఐదు నిమిషాల్లో బూడిదవుతుంది” అన్నాడు టైలరు. “వాళ్ళకి ముప్ఫై రోజులెందుకు?”

“వాళ్ళది పెద్ద పొయ్యి కదండీ, అంటుకోవాలిగా” అన్నాడు డాక్టరు.

కొత్త కోటు తీయబోతే హెడ్మిస్ట్రెస్ చెయ్యి అడ్డం పెట్టింది. “ముందు కొలవండి. ఇన్నాళ్ళూ మీ ముందు అసెంబ్లీలో నిలబడ్డట్టే నిలబడ్డాను. ఇవాళ మామూలుగా నిలబడతాను.” భుజాలు వదిలేసింది.

టైలరు టేపు వేశాడు. మెడ నుంచి కుడి భుజం, మెడ నుంచి ఎడమ భుజం, నేల నుంచి రెండూ. చూసి, మనసులో పెట్టుకుని, బల్ల వైపు తిరిగాడు.

“ఎక్కడికి?”

“రాసుకోడానికండి.”

“నాకు చెప్పి రాసుకోండి. నా భుజమే కదా.”

టైలరు నలభై ఏళ్ళలో అంకె పైకి అనలేదు. బెంచీ వైపు చూశాడు. అక్కడ నాలుగు చెవులున్నాయి.

“మీరిద్దరూ కాస్త బయట నిలబడండి” అన్నాడు.

“నేను డాక్టర్నండీ.”

“పళ్ళకి” అన్నాడు టైలరు.

ఇద్దరూ బయటికి వెళ్ళారు. టైలరు అద్దాల తలుపు వేసి, దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. “ముప్పావు అంగుళం మేడమ్.”

“వాడు అరంగుళమన్నాడే?”

“వాళ్ళ దగ్గరున్నది పాత పుస్తకమండి.”

ఆ మాట ఆమెకు నచ్చింది. “మంచిది. ఆ పట్టీ ఆ పాత మనిషికే అమ్ముకోమనండి” అంది. చేతులు కోటులోకి పెట్టింది. “ఇంకో పొర వేయండి. రేపు పిల్లలు చూస్తారు.”

టైలరు బల్ల దగ్గరికి నడిచి పుస్తకం తెరిచాడు. ‘ఎడమ భుజం’ వరస కొట్టేసి, కింద వేరే గుర్తు రాసి, దాని పక్కన కొత్త అంకె రాశాడు. భార్య తల ఎత్తి అది చదివింది, మళ్ళీ కాజాలోకి తల దించింది. ఆమె ఎవరికీ చెప్పదు.

బయట డాక్టరు తలుపుకు చెవి ఆనించి ఉన్నాడు. బావమరిది అదే తలుపు అద్దంలో చూసుకుంటూ జుట్టు సర్దుకుంటున్నాడు.