పసుపు మీసాల ఎలుకలు

చుక్క చుక్కగా నీళ్లివ్వాల్సిన యంత్రం సునీలకు పట్టపగలే చుక్కలు చూపించింది. ఒక్కసారైతే గ్రహచారం అనుకుని ఊరుకునేది. వారం వారం చూపిస్తుంటే ఇక గ్రహాలతో పని లేదు, ఎవరో గ్రహించాల్సిందే అనుకుంది.

బాపట్ల పొలిమేరలోని ఆ ఫార్మసీ కాలేజీ వెనకాల, సైకిల్ స్టాండుకీ క్యాంటీనుకీ మధ్య ఎలుకల గది ఉంది. బోర్డు మీద జంతుశాల అని ఉంటుంది గానీ, అందులో ఉన్నవన్నీ పంజరాల్లో తెల్ల ఎలుకలే. సునీల ఆ కాలేజీలో మందుల గుణాల పాఠం చెప్పే మేడం. పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని కూడా. అంటే పొద్దున పిల్లలు ఆమె ప్రాణం తోడేవారు, మధ్యాహ్నం నుంచి ఎలుకలు తోడేవి.

ఇదివరకు ఎలుకలకు సీసాలతో నీళ్లు పెట్టేవారు. సీసాలు కడిగి, నింపి, పంజరం మీద బోర్లించే పని అటెండరు కృపారావుది. కాలేజీ కరస్పాండెంటు పూర్ణచంద్రరావుగారు హైదరాబాదులో ఏదో పెద్ద ల్యాబు చూసొచ్చారు. అక్కడ ఎలుకల దగ్గరికి నీళ్లే నడిచొస్తున్నాయట. "మన ఎలుకలేమన్నా తక్కువ తిన్నాయా?" అన్నారు ఆయన. తక్కువే తిన్నాయి, దాణా సమయానికి రాదు గనక. కానీ ఆ మాట ఎవరూ అనలేదు. తెనాలి నుంచి కోటిబాబు అనే గొట్టాల వ్యాపారి వచ్చాడు. చేబ్రోలు వైపు కోళ్లఫారాలన్నిటికీ నీళ్ల గొట్టాలు వేసినవాడు. కోళ్ల దగ్గర్నుంచి ఎలుకల దాకా ఎదిగాడు.

డాబా మీద ఒక ట్యాంకు. దాని కింద వడపోతకు ఫిల్టరు. అక్కణ్ణుంచి సన్నటి స్టీలు గొట్టాలు పంజరాల వెనకగా పోతాయి. పంజరానికో చిన్న నిపుల్. ఎలుక నాలుకతో నిపుల్లోని పుల్లను నెడితే చుక్క రాలుతుంది, వదిలేస్తే ఆగుతుంది. ఈ సంగతి ఎలుకలు ఒక్క పూటలో నేర్చుకున్నాయి. మనుషులే ఇంకా నేర్చుకోలేదు.

ఇక సునీల పరిశోధన. ఆమెది రేపల్లె. రేపల్లెలో పుట్టినందుకేమో ఆమె పనులన్నీ రేపటికే పడేవి. ఆ ఊరి కింద సముద్రం వైపు మడ అడవులున్నాయి. అక్కడి జాలర్లు కాలికి గాయమైతే మడచెట్టు బెరడు కషాయం తాగుతారు. ఆ మాను బెరడుకు పుండు మానుతుందా, మానదా? మానకపోతే తను పరిశోధన మానుకోవాలా? ఇదీ ప్రశ్న. ఒక గుంపు ఎలుకలకు వీపు మీద చిన్న గాయం చేసి, రోజూ బెరడు కషాయం గొంతులో పోసేది. ఇంకో గుంపుకు అంతే గాయం చేసి, ఉత్త నీళ్లు పోసేది. దీన్ని కంట్రోల్ గుంపు అంటారు. బెరడు గుంపుకు తొందరగా మాని, నీళ్ల గుంపుకు ఆలస్యంగా మానాలి. అప్పుడే డాక్టరేటు.

కానీ రెండు గుంపులకీ ఒకేసారి, చకచకా మానిపోయాయి! కంట్రోల్ గుంపు కంట్రోల్ తప్పింది. మొదటిసారి పొరపాటనుకుని ఇంకో విడత చేసింది. మళ్లీ అంతే. ఉత్త నీళ్లతోనే పుండ్లు మానితే ఇక ఈ ఫార్మసీ కాలేజీ దేనికి, కొళాయి చాలు కదా! ఆమె గైడు వెంకటకృష్ణయ్యగారు తెనాలిలో ఉంటారు. రిటైరైనా కోపం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. "సునీలా, నీ బెరడులో సరుకు లేదమ్మా. అది వట్టి కట్టె. ఇప్పటికే ఒకసారి గడువు పొడిగించాం, ఇదే ఆఖరు" అని చెప్పేశారాయన.

పులి మీద పుట్రలా ఈ నీళ్ల యంత్రం. వారానికోసారి నిపుళ్లు మూసుకుపోవడం, ఎలుకలు నాలుకలు పెట్టి పుల్లను నొక్కీ నొక్కీ అలిగి మూల కూర్చోవడం, కృపారావు మళ్లీ పాత సీసాలు దించడం. ఫోన్ చేస్తే కోటిబాబు తెనాలి నుంచి బస్సులో కొత్త ఫిల్టరు పార్శిల్ వేసేవాడు. కృపారావు అది బిగించి పాతది పారేసేవాడు. మళ్లీ వారానికి అదే కథ. ఆఖరికి ఒక శుక్రవారం సునీల ఫోన్లో అరిచిన అరుపుకు కోటిబాబు పొన్నూరు మీదుగా బండేసుకుని తనే వచ్చాడు.

ఫిల్టరు విప్పి చూశాడు. లోపల వడపోత లేదు, వడలపిండి పోతలా ఉంది. చిక్కగా, ముద్దగా, పచ్చగా.

"ఏంటక్కా ఇది? ఎలుకలకి పప్పు వడ్డిస్తున్నారా?" అన్నాడు.

సునీల వేలితో తీసి వాసన చూసింది. ఆ వాసన తెలియని తెలుగు ఆడపిల్ల ఉండదు.

"పసుపు."

ఆ మాట అన్నాక ఆమె కళ్లు పంజరాల వైపు తిరిగాయి. ఒక ఎలుకను తీసి వెలుతురులో పట్టుకుంది. తెల్లటి మూతి, పచ్చటి మీసాలు. ఈ మీసాలు ఇన్నాళ్లుగా చూస్తూనే ఉంది. వయసనుకుంది, దాణా రంగనుకుంది. నీళ్లు తాగే మూతికి నీళ్ల రంగే అంటుతుందని తట్టలేదు. పసుపు పుండ్లు మాన్పుతుందని ఈ దేశంలో ముసలమ్మలందరికీ తెలుసు. అంటే ఉత్త నీళ్ల గుంపు ఇన్నాళ్లూ తాగింది ఉత్త నీళ్లు కాదు. బెరడు గుంపు తాగిందీ అదే. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? బెరడు తప్పు లేదన్న సంతోషం, చేసిందంతా బూడిదైందన్న ఏడుపు ఒకేసారి వచ్చి, ఏది ముందు బయటికి రావాలో తెలియక తోసుకున్నాయి.

"కృపారావు బాబాయ్!" అని కేకేసింది.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కోటిబాబు పచ్చముద్ద ఆయన ముక్కు కింద పెట్టాడు. "నువ్వేనా ఇది వేసింది?"

"నేనా? నేను రోజూ వీటి పేరున ప్రార్థన చేసే మాట నిజమే బాబూ. అది గొట్టంలో అడ్డం పడదు కదా."

"మరి ఈ రంగు ఎప్పుడూ చూళ్లేదా?"

"చూశా. బాపట్ల నీళ్లు కదా, తుప్పనుకున్నా."

"ట్యాంకు దగ్గరికి ఎవరెళ్తారు బాబాయ్?" అంది సునీల.

"ఎవరూ వెళ్లరమ్మా. శుక్రవారం శుక్రవారం మన సార్ వెళ్లి పూజ చేసుకుంటారు, అంతే."

గదిలో ఎలుకలు కూడా ఆగి చూశాయి.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నీళ్లెందుకు రావట్లేదని అడిగారు గానీ, పూజ ఎవరు చేస్తున్నారని మీరు అడగలేదు కదమ్మా. అయినా కాలేజీ అంతా తెలుసే. ఆఫీసుకీ, గేటుకీ, బస్సుకీ చేసి ఆఖర్న ట్యాంకుకి చేస్తారు."

సునీల నుదురు కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే డాబా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ముగ్గురూ పైకి పరిగెత్తారు. పూర్ణచంద్రరావుగారు ట్యాంకు మూత తీసి, ఎడమచేత్తో ఇత్తడి పళ్లెం పట్టుకుని, కుడిచేతి గుప్పెడు పసుపు లోపలికి చల్లబోతున్నారు.

"సార్, ఆగండి!"

"అరవకమ్మా, గంగమ్మ దగ్గర," అన్నారాయన శాంతంగా. "రా, నువ్వూ కాస్త వెయ్యి. ఈ యంత్రం ఎప్పుడూ మొరాయిస్తుందని నీకే కదా బాధ."

"అది మొరాయించేది మీ పసుపుతోనే సార్!"

"అదేంటమ్మా? నేను వేసేదే అది మొరాయిస్తోందని. మాది పిట్టలవానిపాలెం దగ్గర. మా తాత దగ్గర్నుంచి కొత్త బోరేస్తే పసుపు కుంకుమ పడకుండా మోటారు స్విచ్చెయ్యలేదు. దీనికీ మొదటిరోజు వేశా. నాలుగు రోజులకి ఆగింది. గంగమ్మకి చాల్లేదేమో అని శుక్రవారం ఇంకాస్త వేశా. మళ్లీ ఆగింది. ఇంకాస్త వేశా."

కోటిబాబు మెట్ల మీద కూలబడ్డాడు. "అంటే మీరు వేస్తే అది ఆగింది, అది ఆగిందని మీరు వేశారు! ఇదేం పూజ సార్, పూజకి పూజే కారణం!"

"కొబ్బరికాయ కూడా కొడతారు," అని కృపారావు వినయంగా అందించాడు. "నీళ్లు అందులోనే పోస్తారు."

సునీల గొంతు తగ్గించి, ఒక్కో మాటా తూచి వదిలింది. "సార్, నా ఎలుకలకి పుండ్లు మానాయా లేదా చూడ్డం నా పని."

"మానాయా?"

"మానాయి."

"మరి ఏడుపేంటమ్మా?"

"మానకూడని వాటికి కూడా మానాయండి!"

ఆయన పళ్లెం కింద పెట్టేశారు. "నోరు లేని జీవానికి పుండు మానకూడదని కోరుకుంటావా? తప్పు కదూ! పోనీ, బెరడుతో మానాయని రాసేయ్. ఎలుకలొచ్చి సాక్ష్యం చెప్తాయా?"

"చెప్తాయి సార్. మీసాలతో."

వెంటనే ఫోన్ తీసి వెంకటకృష్ణయ్యగారికి చేసి స్పీకరు పెట్టింది. సంగతి చెప్పింది. చివర్న, "ఇంకొక్క గడువు కావాలి సార్" అంది.

అవతల్నుంచి ఆయన గొంతు ఖంగుమంది. "తప్పు నీది కాకపోతే యూనివర్సిటీని అడగ్గలను. కానీ ఎవరిదో ఆ కాలేజీ పెద్దాయన చెప్పాలి. నువ్వు చెప్తే సాకంటారు."

సునీల ఫోన్ పూర్ణచంద్రరావుగారి ముందుకు జరిపింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "నమస్కారమండి. ఆ యంత్రంలో ఏదో లోపం ఉందండి…"

"లోపం లోపల లేదు సార్, పైనుంచి పడుతోంది!" కోటిబాబు లేచి నిలబడ్డాడు. "రేపల్లెలో వేరేవాళ్ల కొత్త కాలేజీకి కూడా నేనే వెయ్యాలి. ఈ మాట వింటే నన్నెవడు రానిస్తాడు?"

"నువ్వూరుకోవయ్యా. గొట్టం అన్నాక ఏదో ఒకటి…"

సునీలకు ఆ క్షణంలో తన డాక్టరేటు ఆయన నాలుక మీద ఊగుతున్నట్టు అనిపించింది. యంత్రం తప్పంటే చాలు, గడువు వచ్చేస్తుంది. ఎవరికీ నొప్పి లేదు, కోటిబాబుకు తప్ప. నోరు మూసుకుంటే చాలు. రేపల్లె రైల్లో తెల్లారకుండా తెనాలి వచ్చి, అక్కడ బండి మారి బాపట్ల రావడం, మధ్యలో సీటు దొరికితే నిద్రపోవడం, ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఆమె చేసింది ఆ పనే. అయినా చెయ్యి ఆగలేదు. వంగి, కింద పెట్టిన ఇత్తడి పళ్లెం తీసి ఆయన రెండు చేతుల్లోనూ పెట్టింది.

"సార్, మీరు గంగమ్మకి పెట్టిన పసుపు ఇది. ట్యాంకు మూత తీసే ఉంది. ఈ పళ్లెం పట్టుకునే, నేనేం వెయ్యలేదని ఆయనకి చెప్పండి. మీరు చెప్పాక నేను ఒక్క మాట మాట్లాడను."

పూర్ణచంద్రరావుగారు పళ్లెం చూశారు. ట్యాంకులోకి చూశారు. లోపల పచ్చటి నీళ్లలో ఆయన మొహమే, మీసాలతో సహా, పచ్చగా కనిపించింది. చేతులు దించుదామంటే గంగమ్మ పళ్లెం, అబద్ధమాడదామంటే గంగమ్మ పసుపు.

"పసుపు నేనే వేశానండి," అన్నారు ఫోన్లోకి, గుడి గంట కింద నిలబడినవాడిలా.

"ఎంత వేశారు?" అన్నారు వెంకటకృష్ణయ్యగారు.

"గుప్పెడండి."

"వారానికా?"

"మొదట్లో. తర్వాత… నా చెయ్యి కాస్త పెద్దదండి."

అవతల్నుంచి వచ్చిన చప్పుడు దగ్గో నవ్వో తెలియలేదు. "సునీలా, మళ్లీ మొదలుపెట్టు. ఈసారి మూడు గుంపులు. మూడోదానికి పసుపు నువ్వే, కొలిచి పొయ్యి. ఎలుకలు ఆయనే కొనిస్తారు. ఏమండీ?"

"కొనిస్తానండి."

కొనిచ్చారు కూడా. కోటిబాబు గొట్టాలన్నీ కడిగాడు. పచ్చదనం వదలడానికి కడిగీ కడిగీ వాడికి విరక్తి పుట్టింది. ట్యాంకు మూతకు తాళం వేశాడు. సునీల చెప్పినట్టు ట్యాంకు పక్కన, బయట వైపు, ఒక చిన్న రేకు అరుగు బిగించాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ అక్కడే. శుక్రవారం ఉదయం పూర్ణచంద్రరావుగారు వచ్చి ఆ అరుగును చూసి, "గంగమ్మ లోపల, పూజ బయటానా?" అని సణిగారు. సునీల తనే పసుపు తీసి ట్యాంకు వీపున నిలువునా రాసి, తాళానికి కూడా బొట్టు పెట్టింది. ఆయన మొహం కాస్త విచ్చుకుంది. ఆ శుక్రవారం నిపుళ్లు ఆగలేదు. పై శుక్రవారమూ ఆగలేదు.

"చూశావా," అన్నారాయన కృపారావుతో, "బయట పెట్టినా పలికింది."

సునీల వెళ్లి తాళం గట్టిగా పడిందో లేదో లాగి చూసుకుంది.

బెరడు గుంపుకూ పసుపు గుంపుకూ గాయాలు మూసుకోవడం మొదలైన రోజు ఆమె క్లాసులో పిల్లల్ని ఒక్కమాట కూడా అనలేదు. ఉత్త నీళ్ల గుంపు మీసాలు సుద్దలా తెల్లగా ఉన్నాయి. గాయాలు మాత్రం ఎర్రగా, మానకుండా, ఎంతో ముద్దుగా ఉన్నాయి. వాటిని చూసి సంతోషించే మనిషి బాపట్ల మొత్తం మీద ఆమె ఒక్కతే.

సాయంత్రం పూర్ణచంద్రరావుగారు గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చారు. ఆ పంజరం ముందు చాలాసేపు నిలబడ్డారు.

"సునీలమ్మా, వీటికింకా మానలేదేంటి?"

"మానకూడదు సార్."

"పాపం… చిటికెడంటే చిటికెడు…"

"సార్!"

ఆయన జేబులోకి పోతున్న చెయ్యి ఆగిపోయింది. సునీల అరచెయ్యి చాపి నిలబడింది. ఆయన చిన్న కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.