ఆ “నేను” ఎవరు?

నిస్సార్ అహ్మద్ ఒకే చొక్కాను మూడోసారి ఇస్త్రీ చేస్తున్నాడు. ముడతలు రెండోసారికే పోయాయి. చేతులకు ఏదో ఒక పని ఉండాలి, అంతే.

“ఏంది మీకు? పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండారు,” అంది భార్య కుల్సుం వంటింట్లోంచి. ఇంట్లో ఇద్దరూ ఉర్దూయే మాట్లాడుకుంటారు గానీ, కోపమొస్తే ఆమె నోటికి కర్నూలు తెలుగే వస్తుంది.

“ఏం లేదులే. మీటింగుకు పోవల్ల.”

పొడుగ్గా, కాస్త వంగిన మనిషి. కర్నూల్లో తెలుగు మాస్టారుగా పద్నాలుగేళ్ళు నల్లబల్ల మీద రాసిన కుడి భుజం ఇప్పటికీ కొంచెం పైకే ఉంటుంది. మెల్‌బోర్న్ శివారులోని వెర్రిబీకి వచ్చి పదకొండేళ్ళు. పొద్దున బ్రెడ్డు ఫ్యాక్టరీ, మధ్యాహ్నం నుంచి ఇంటర్‌ప్రెటర్ పని. తెలుగువాళ్ళ మాట పోలీసులకూ డాక్టర్లకూ ఇంగ్లీషులో చెప్పాలి, ఎక్కువగా ఫోన్లోనే. ఆ పనిలో నియమాలు రెండు. అన్న మాట అన్నట్టే చెప్పాలి. ఎదుటివాళ్ళు “నేను” అంటే తనూ “నేను” అనాలి. ఈ పదకొండేళ్ళలో నిస్సార్ “నేను” అంటూ కడుపుతో ఉన్నాడు, కారు గుద్దాడు, రెండుసార్లు విడాకులు కూడా అడిగాడు. తన సంగతి చెప్పుకోవడానికి మాత్రం ఆ మాట పెద్దగా వాడింది లేదు.

నిన్న తను మాట అందించాల్సిన మీటింగు కాగితంలో శ్యామసుందరి పేరు చూసినప్పటి నుంచి ఆయనకు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంది.

ఆమె భర్త ద్వారకానాథ్ వైటూకే అని కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని మీద మెల్‌బోర్న్ వచ్చాడు. రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు, ఆయన ఉద్యోగమే ఆగింది. మార్చిలో మూడు రోజులు కన్ను మూయకుండా, తేదీ సరిగ్గా ఉందో లేదో చూడమని గంటగంటకీ భార్యను లేపాడు. ఆమె సాయం కోసం ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. మధ్యలో మాట అందించింది నిస్సార్.

“మూడు రోజులుగా చంపుకు తింటున్నారండీ,” అంది ఆమె.

పదో తరగతి పిల్లలకు జాతీయాలు నేర్పిన మనిషి, ఫ్యాక్టరీ నుంచి వచ్చి నిద్రకళ్ళతో, అన్న మాట అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాడు. మూడు రోజులుగా నన్ను చంపి తింటున్నాడు. ఫోన్ పెట్టేశాక గానీ తను ఏమన్నాడో ఆయనకు తట్టలేదు. అప్పటికే ఆరుగురు పోలీసులు ఆ ఇంటి తలుపు బద్దలుకొట్టారు. ద్వారకానాథ్ భుజం కీలు తప్పింది. నిస్సార్ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాడు, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

పక్క సబర్బులోని హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. మతి చెదిరిన మనిషి దగ్గరికి పోలీసు వెళ్ళాలా, నర్సు వెళ్ళాలా అన్నది చర్చ. తలుపులు పగలగొట్టడం తప్ప పోలీసులకు ఇంకేమీ నేర్పలేదా అని ఒక ముసలాయన అరిచాడు. నర్సు వచ్చేసరికి రెండు గంటలవుతుంది, అందాకా నా కొడుకుని ఎవరు పట్టుకుంటారని ఒక తల్లి అడిగింది. నిస్సార్ అన్నీ శ్యామసుందరి చెవిలో తెలుగులో చెబుతూ, కుర్చీలో పదిసార్లు కదిలాడు.

ఆమె వంతు వచ్చింది.

“నేనట్లా అనలేదండీ. మా ఆయన్ని హంతకుడని నేనెందుకంటాను? పోలీసు కాగితంలో ఆ మాట చూసిన దగ్గర్నుంచి ఆయన నాతో మాట్లాడ్డం మానేశారండీ. ఇంట్లో ఉన్నామన్న మాటే గానీ...”

నిస్సార్ ఇంగ్లీషులో చెప్పాడు. పోలీసుల తరఫున వచ్చిన సార్జెంటు ఫైలు తిరగేసి, ఫోన్లో అన్నట్టు రాసి ఉందమ్మా అన్నాడు మెత్తగానే. ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పాలి. నిస్సార్ చెప్పలేకపోయాడు.

“నేనే తప్పు చేశాను,” అన్నాడు ఇంగ్లీషులో.

సార్జెంటు జాలిగా తలూపి, శ్యామసుందరి వైపు చూసి రాసుకున్నాడు. కంగారులో ఎవరైనా తప్పు మాట అంటారు, ఒప్పుకున్నారు, అదే చాలు అన్నాడు. హాల్లో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. శ్యామసుందరి ఏమీ అర్థంకాక నవ్వబోయింది.

ఆ నవ్వు చూసి నిస్సార్‌కు ఒళ్ళంతా సిగ్గేసింది. లేచి నిలబడ్డాడు.

“ఆ నేను ఆమె కాదు. నేనే. ఆ రోజు ఫోన్లో ఉన్నది నేనే. ఆమె విసిగిపోయానంది. చంపి తింటున్నాడని నేను చెప్పాను.”

అదే సంగతి ఆమెకు తెలుగులో చెప్పాడు. “తప్పు మీది కాదమ్మా. నాది.”

పాత కేసు సంగతి బయట మాట్లాడిన ఇంటర్‌ప్రెటర్‌కు మళ్ళీ పని ఉండదని ఆయనకు తెలుసు. శ్యామసుందరి లేచి చేతిసంచీ తీసుకుంది. తిట్టలేదు.

“ఆయన బయట కార్లో ఉన్నారండీ. ఈ మాట ఆయనతో ఒక్కసారి చెప్తారా?”

“పదమ్మా.”

ఆగమని, పేరేమిటని సార్జెంటు అడిగాడు. నిస్సార్ వంగి బల్ల మీద ఏదో రాసి ఆమె వెనకే బయటికి నడిచాడు. ఆ రోజుకే కాదు, ఆ పనికే మళ్ళీ రాలేదు.

బల్ల మీద మడిచి నిలబెట్టిన అట్టముక్క మిగిలింది. దాని మీద అచ్చులో “ఇంటర్‌ప్రెటర్” అని ఒక్క మాటే ఉంది, దాని కింద సిరా ఇంకా ఆరకుండా, నిస్సార్ అహ్మద్ అని.