కరువుకుంట సాక్ష్యం

ఫణికృష్ణ నాయన మార్కాపురంలో పలకలు అమ్మేవాడు. పలకల బేరం పడిపోయాక కొడుకు ప్లాట్ల వ్యాపారానికి దిగాడు. పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. వెంచరు అలా కాదని అతనికి ఈ వేసవిలో తెలిసొచ్చింది.

గిద్దలూరు రోడ్డు మీద అతను వేసిన వెంచరు పక్కనే ఒక కుంట ఉంది. ఊరంతా దాన్ని కరువుకుంట అంటారు. కరువు పేరున్న నీళ్ల పక్కన ఇల్లెవడు కట్టుకుంటాడు? అందుకని దానికి హంస సరస్సు అని పేరు పెట్టి, ‘ప్రకృతి ప్రసాదించిన సరస్సు ఒడ్డున మీ ఇల్లు’ అని పెద్ద హోర్డింగు కట్టించాడు. హంసలేవని ఎవరూ అడగలేదు. కొంగలు మాత్రం ఉన్నాయి.

అంతలో ఎవరో వెంచరు మీద ఫిర్యాదు పెట్టారు. చిత్తడి నేలలకు కేంద్రం నిబంధనలున్నాయి. సహజంగా ఏర్పడిన మడుగైతే ఒడ్డు నుంచి యాభై మీటర్ల దాకా కట్టడానికి వీల్లేదు. వెంచరులో నీళ్లవైపు ప్లాట్ల వరసంతా పోతుంది. సాగు కోసం మనుషులు తవ్వుకున్నదైతే ఆ నిబంధన వర్తించదు.

ఆ వరసలో మూల ప్లాటును ఫణికృష్ణ తనకే ఉంచుకున్నాడు. ఎందుకో భార్యకు కూడా చెప్పలేదు. పొద్దున్నే నీళ్లకేసి చూస్తూ, ఎవరికీ ఏమీ అమ్మకుండా కూర్చోవాలని ఉండేది. ఆ కోరిక అతనికే కొంచెం సిగ్గుగా ఉండేది. సిగ్గుపడే కోరికల్నే మనిషి భద్రంగా దాచుకుంటాడు.

విచారణకు వచ్చిన అధికారిణి నాగజ్యోతి కుంట తవ్వినట్టు రికార్డు అడిగింది. కరువు పనుల కింద సాగుకు కుంట తవ్విన నాటికి ఈ తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, తర్వాత ఒంగోలు కింద చేరింది. కర్నూలు వాళ్లు ఒంగోలుకు పంపామన్నారు. ఒంగోలు వాళ్లు అందలేదన్నారు.

“కాగితం లేకపోతే మనిషినైనా చూపించండి. రేపొస్తాను,” అందామె.

తవ్విన వాళ్లలో దీనమ్మ ఒక్కతే బతికుంది. ఫణికృష్ణ ఆ సాయంత్రమే పల్లెకు పోయి ఆమె అరుగు మీద కూర్చున్నాడు.

“తవ్వకపోవడమేంది, శెట్టీ? మట్టితట్టలు మోసీ మోసీ, ఇదో చూడు, నడినెత్తిన మళ్లీ వెంట్రుక మొలిస్తే ఒట్టు!” అని తల వంచి చూపించింది. రూపాయి బిళ్లంత బోడి.

“అదే రేపు మేడం ముందర సాక్ష్యం చెప్పాల, అవ్వా.”

దీనమ్మ మొహం వెలిగింది. “సాక్ష్యమా! చర్చిలో నా చేత చెప్పిచ్చి ఎన్నేండ్లయింది, నాయనా! మా పాస్టరు మైకు చదువుకున్న పిల్లోళ్లకే ఇస్తాడు. నేను పట్టుకుంటే ఇడవనంట.”

ఫణికృష్ణ నవ్వుకుంటూ ఇంటికొచ్చి నిశ్చింతగా పడుకున్నాడు.

మర్నాడు దీనమ్మ తెల్లచీర కట్టి, తలనిండా కొంగు కప్పుకొని కుంట దగ్గరికి వచ్చింది.

“ఈ కుంట ఎవరు తవ్వారమ్మా?” అని అడిగింది నాగజ్యోతి.

దీనమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. “ప్రభువుకు స్తోత్రం! ఆ కరువులో గంజికి మొగం వాచిపోయినాం, తల్లీ. నేనెంత, నా తట్ట ఎంత? ఇది మనుషులు చేసింది కాదు. ఈ నీళ్లు దేవుడిచ్చినాడు.”

“అవ్వా, నిన్న చెప్తివే...”

“నిన్న చెప్పింది అతిశయం, శెట్టీ. సాక్ష్యంలో ‘నేను’ అనగూడదు.”

“మీరు అందించకండి,” అంది నాగజ్యోతి రాసుకుంటూ.

ఆ కొంగు తీయమంటే చాలు. రుజువు దాని కిందే ఉంది. అతని చెయ్యి కొంచెం లేచింది. కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్న ముసలామెను తల చూపించమనడానికి నోరు రాలేదు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

నాగజ్యోతి హోర్డింగును ఫోటో తీసింది. “ఆమె చెప్పిందీ మీరు రాయించిందీ ఒకటే కదండీ,” అని జీపెక్కింది.

“బాగ చెప్పినానా, నాయనా?” అంది దీనమ్మ.

“బాగ చెప్పినావు, అవ్వా.”

ఆమెను ఆటో ఎక్కించి, మూల ప్లాటులో హద్దురాయి మీద కూర్చున్నాడు. నీళ్లు ఎదురుగా ఉన్నాయి. ఇక ఇక్కడ ఎవరికీ ఏమీ అమ్మే పని లేదు. కోరుకున్నదే దక్కిందని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక కూడా సంతోషం రాలేదు. అయినా లేవలేదు.