బైండరు గారి యాంప్

బేస్ గిటారు వాయించేవాడికి శబ్దం పెంచే సరైన యాంప్ లేకపోతే, వాడు బృందంలో ఉన్నా లేనట్టే. పగలు బట్టలు కుట్టి, సాయంత్రం బేస్ వాయించే దర్జీ పరిస్థితి సరిగ్గా అదే. అతని పాత యాంప్‌లో స్పీకరు చిరిగి నెలయింది. శనివారం నాడు పార్కులో, మొదటిసారి నలుగురి ముందు వాయించాలి. బృందమంతా కలిసి పోగేసిన డబ్బుకి షాపులో చిన్న యాంప్ ఒకటి వస్తుంది గానీ, డ్రమ్ముల పక్కన దాని గొంతు పెగలదు. ఆ డ్రమ్ములు వాయించేది దర్జీ బావమరిది. పగలంతా వెల్డింగు పని. మెల్లగా కొట్టడం అతని ఒంట్లోనే లేదు కాబట్టి అందరూ ఉరుము అంటారు. పోనీ పెద్దది కొందామంటే, ధర వినగానే ఆ ఉరుముకే నోట మాట పడిపోయింది.

అందుకని ఇద్దరూ వాడేసిన యాంప్‌ల కోసం కాళ్ళరిగేలా తిరిగారు. ఒకదాని తీగలు ఎలుకలు కొరికేశాయి. ఇంకొకటి స్విచ్ వేసింది మొదలు ఆపేదాకా గొణుగుతూనే ఉంది. చివరికి ఎవరో ఒక ఇంటి సంగతి చెప్పారు. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు ఒకాయన ముప్పై ఏళ్ళు బేస్ వాయించి, ఎనిమిది నెలల క్రితం పోయాడట. ఆయన భార్య యాంప్‌ని చవగ్గానే ఇస్తానంటోందట, కాకపోతే వాయించేవాళ్ళకే.

బైండరు భార్య తలుపు తీసి ఇద్దరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తెస్తానని వంటగదిలోకి వెళ్ళింది. యాంప్ కిటికీ పక్కనే ఉంది, నడుమెత్తున. కప్పిన దుప్పటి తీస్తే దుమ్ము అన్న మాటే లేదు. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

"బావా, ఇంత మంచిది ఇంత తక్కువకి ఎందుకిస్తున్నట్టు?" అన్నాడు ఉరుము, తన లెక్కన గుసగుసగా.

"నోర్ముయ్, వింటారు," అన్నాడు దర్జీ.

కొత్తగా ఏ యాంప్ ముట్టుకున్నా ముందు శబ్దం మార్చే నాబ్‌లన్నీ సున్నాకి తిప్పాలి, ఆ తరవాతే స్విచ్ వెయ్యాలి. లేకపోతే ఒక్క దెబ్బకి స్పీకరు పోవచ్చు. దర్జీ చేతికి ఇది ఎంత అలవాటంటే, ఐదు నాబ్‌లూ తిప్పేశాక గానీ తిప్పుతున్నానని అతనికే తెలియలేదు. అప్పుడే ఆవిడ రెండు గ్లాసులతో వచ్చింది. అతని చేతిని చూసింది. గ్లాసులు బల్లమీద పెట్టి, ఉన్నచోటే కూర్చుండిపోయింది.

"తిప్పేశారా?" అంది.

"అలవాటమ్మా. ముందు సున్నాకి పెట్టి..."

"ఆయన పెట్టినట్టే ఉంచాను. తుడిచేటప్పుడు కూడా వాటి జోలికి పోలేదు. అందరూ తీసెయ్యి, తీసెయ్యి, కళ్ళముందుంటే మరిచిపోలేవు అంటే సరేనన్నాను. ఇచ్చేముందు ఒక్కసారి, ఆయన పెట్టినట్టే ఉండగా, ఎవరైనా వాయిస్తే విందామనుకున్నాను. అంతే."

కోప్పడి ఉంటే బాగుండేది. దర్జీకి తల కొట్టేసినట్టయింది. మనిషి పోయాక మిగిలిన చేతి గుర్తు అదొక్కటే, దాన్ని తను బట్టమీద నలక దులిపినట్టు దులిపేశాడు.

"ఎలా ఉండేదమ్మా, ఆయన శబ్దం?" అని అడిగాడు దర్జీ.

"నాకేం తెలుసండీ. నేనెప్పుడూ ఎదురుగా కూర్చుని వినలేదు. ఆయన పని నుంచి రాగానే ఇక్కడ మొదలుపెట్టేవారు, నేను వంటగదిలో ఉండేదాన్ని. గోడలోంచే వినడం."

"అయితే అక్కడికే వెళ్ళండి. తలుపు వేసుకోండి. నేను ఒక్కొక్కటే తిప్పుతాను, మీరు చెబుతూ ఉండండి."

ఆవిడ లేచి వెళ్ళి తలుపు వేసుకుంది.

దర్జీ వెంట తెచ్చుకున్న గిటారు తగిలించుకుని, మామూలు వరసొకటి పట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. "అంత పదునుగా ఉండేది కాదు," అంది తలుపు వెనకనుంచి. తిప్పాడు. "ఇప్పుడు మరీ మబ్బుగా ఉంది." మళ్ళీ తిప్పాడు. అద్దం ముందు నిలబడ్డ మనిషికి చొక్కా భుజం సరిచేసినంత ఓపిగ్గా, ఇంత అటు, ఇంత ఇటు. అరగంట గడిచింది. వేళ్ళు మంటపుట్టాయి. శబ్దం సగం వేళ్ళలోనే ఉంటుందనీ, ఆ వేళ్ళు ఇక దొరకవనీ దర్జీకి తెలుసు. తెలిసీ ఆవిడతో ఆ మాట అనలేకపోయాడు.

"అదే," అంది ఆవిడ. "ఆపకండి."

నిజంగా అదేనో కాదో ఆ పైవాడికే తెలియాలి. దర్జీ ఆపలేదు. కాసేపటికి లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తరవాత స్టవ్ వెలిగించిన చప్పుడు, గిన్నెమీద మూత పెట్టిన చప్పుడు. ఆవిడ పని చేసుకుంటోంది. అలా మరో అరగంట గడిచింది. ఉరుము గోడకి చేరగిలబడి, మోకాలిమీద వేళ్ళతో చప్పుడు కాకుండా తాళం వేస్తున్నాడు.

"ఏమండీ," అని పిలిచింది ఆవిడ లోపల్నుంచి, ఇంతసేపూ వాళ్ళిద్దరూ వినని గొంతుతో. "ఇక చాలు. చేతులు కడుక్కుని రండి, వడ్డించేశాను."

దర్జీ వేళ్ళు తీగలమీదే ఆగిపోయాయి. ఉరుము తలెత్తి బావ వంక చూశాడు. వంటగదిలో కూడా చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈ యాంప్ ఈ గది దాటి ఎక్కడికీ రాదని, శనివారం షాపులోని ఆ చిన్నదానితోనే సర్దుకోవాలని దర్జీకి అప్పుడే తెలిసిపోయింది. అందుకు అతనికి బాధ కలగలేదు. తలుపు అవతల ఒక మనిషి, పోయిన మనిషిని పిలిచానని తెలుసుకుని నిలబడి ఉందన్నదే బాధ.

ఏం చెయ్యాలో తోచక, ఆవిడ చెప్పిందే చేశాడు. గిటారు దించి, నాబ్‌లకి చెయ్యి తగలకుండా స్విచ్ ఆపి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని పీటమీద కూర్చున్నాడు. ఎదురుగా ఒకటే పళ్ళెం, దాన్నిండా వడ్డన. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. దర్జీ తలవంచుకుని కలుపుకుని, మొదటి ముద్ద తిన్నాడు.

"ఆయనైతే ఒక్క పిలుపుకి ఎప్పుడూ లేచేవారు కాదు," అంది ఆవిడ. గరిటె గట్టుమీద పెట్టి, నేలమీద కూలబడి, చాలాసేపు ఏడ్చింది.