మరక పడని సోఫా

చెక్క పగుళ్లిస్తే వారంటీ, టీ ఒలికితే ప్లాన్, ఈ రెండు ముక్కలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను, అయినా షాపుకి వచ్చినవాళ్లందరికీ రెండూ ఒకటే, వారంటీ ఉందిగా అమ్మాయ్ మళ్లీ ఈ ప్లాన్ ఎందుకు అని పుష్పావతిగారు కూడా అంటున్నారు, నాగాయలంక నుంచి పొద్దున్నే బస్సెక్కి బందరు వచ్చారట, వారంటీ కంపెనీ చేసిన తప్పుకండీ, కుట్టు ఊడినా స్ప్రింగు కుంగినా వాళ్లే బాగుచేస్తారు, మన చేతుల్లో జరిగినదానికి వాళ్లకి సంబంధం లేదు, కూర ఒలికిందనుకోండి, పిల్లలు పెన్నుతో గీశారనుకోండి, అందుకీ ప్లాన్, మనిషొచ్చి శుభ్రం చేసి వెళ్తాడు, నా నోరు దాని పని అది చేసుకుపోతోంది, నేను మాత్రం ఆవిడ భర్త ధర్మారావుగారినే చూస్తున్నాను, ఎదురుగా ఇంత సోఫా పెట్టుకుని నిలబడే ఉన్నారు, చెయ్యి వెనక్కి పోనిచ్చి ప్యాంటు దులుపుకుంటున్నారు, రొయ్యల చెరువు మీంచి తిన్నగా వచ్చేశానమ్మా, నేను వద్దులే, ఆవిడ కూర్చుని చూస్తుంది, కూర్చోండి బాబాయ్ గారూ, మరకైతే మేం చూసుకుంటాం, ఇందాకటి నుంచి చెప్తున్నది అదేగా అన్నాను, ముందు అంచున కూర్చున్నారు, కాసేపటికి మెల్లగా వెనక్కి వాలారు, హాయిగా ఉందే అన్నారు.

మా నాన్న సుభాని గిలకలదిండిలో బోట్లకి ఐసు మోసేవాడు, ఆయన ఇంటికొస్తుంటే చేపల వాసన ముందొచ్చేది, ఈ షాపులో చేరిన కొత్తలో నేనూ ఒక సోఫా కొన్నాను, లేత గోధుమరంగుది, అందరికీ అంటగట్టి నేను తీసుకోకపోతే ఏం బాగుంటుందని ప్లాన్ కూడా తీసుకున్నాను, నాన్న దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి, బాగుంది సబీనా అని, కింద చాపేసుకున్నాడు, నిజం చెప్పాలంటే నేను హమ్మయ్య అనుకున్నాను, ఆయనకి నేలే అలవాటు, నడుముకి మంచిది అని అమ్మ అనేది, నేనూ నమ్మాను, నమ్మితే తేలిక కనుక, ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ కూర్చోబెట్టాను, పక్కింటావిణ్ణి, కరెంటు బిల్లు తీసే అతన్ని కూడా, పోయిన వానాకాలం నాన్నకి పక్షవాతం వచ్చింది, ఇప్పుడు మంచమే, ఇద్దరం పట్టుకుని కూర్చోబెట్టినా పక్కకి ఒరిగిపోతాడు, మంచానికి ఎదురుగా ఆ సోఫా, కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది, దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నువ్వు తీసుకున్నావా అమ్మా ఈ ప్లాన్ అని ధర్మారావుగారు అడుగుతున్నారు, తీసుకున్నానండీ, మరి ఎప్పుడైనా పనికొచ్చిందా, అవసరం రాలేదండీ అనేశాను, అంత జాగ్రత్తగా వాడుకున్నావన్నమాట అని పుష్పావతిగారు మెచ్చుకుంటున్నారు, నవ్వబోయాను, నవ్వు రాలేదు, అవసరం ఎందుకొస్తుంది, నాన్న ఒంటి వాసనకీ ఆ ఐసు తడికీ అన్నిటికీ కలిపే తీసుకున్న ప్లాన్, ఆయన కూర్చుంటేగా, ముక్కూ మొహం తెలియని ఈయన ఒక్క మాటకి కూర్చున్నారు, చాప పరుచుకునే ముందు నాన్న రోజూ చాప చేతిలో పట్టుకుని కాసేపు నిలబడేవాడు, నేను ఫోన్ చూసుకుంటూ ఉండేదాన్ని, ఆయనకి నేల అలవాటై కాదు, కూర్చో నాన్నా అని నేను అంటానేమోనని నిలబడేవాడు.