ఇమ్మానుయేలు గారి గౌను

నేను ఒక నల్ల గౌనును. బందరులో ఓ ముసలి దర్జీ నన్ను కుట్టింది ఇమ్మానుయేలు గారి కోసం కాదు, ఆయన సీనియరు కోసం. ఆ పెద్దాయన ముప్పై ఏళ్లు తొడుక్కుని, ప్రాక్టీసు మానేసిన రోజున నన్ను మడిచి బత్తుల ఇమ్మానుయేలు చేతిలో పెట్టాడు. "కొత్తది కుట్టించుకోకయ్యా, జడ్జీలకు ఇది అలవాటైపోయింది" అన్నాడు.

మా కోర్టు సముద్రం దగ్గరి ఓ చిన్న ఊళ్లో ఉంది. అక్కడి న్యాయవాదుల సంఘానికి ఇమ్మానుయేలు గారు నాలుగుసార్లు అధ్యక్షులయ్యారు. ఆడ వకీళ్లకు విడిగా గది లేదని తన గది ఖాళీ చేసి ఇచ్చి, వరండాలో బల్ల వేసుకున్న మనిషి. ఇద్దరు ప్లీడర్లు కలబడినా ఆయన వచ్చి "ఇక చాలు" అంటే ఆగిపోయేవాళ్లు.

ఆయన జూనియరు భానుమూర్తిని రొయ్యల చెరువుల తగాదాలో ఎవరో పొడిచి చంపారు. కొడుకులా చూసుకున్న కుర్రాడు. శవం మీద కప్పడానికి ఏమీ దొరక్క ఆయన నన్నే విప్పి కప్పారు. ఆ నెత్తుటి మరకను ఆయన భార్య సుగుణమ్మ గారు ఎన్నిసార్లు ఉతికినా పూర్తిగా పోలేదు. నల్లగుడ్డ కాబట్టి మనుషులకు కనబడదు, అంతే.

మూడోరోజు పోలీసులు చెరువు కాపలాదారు నాంచారయ్యను పట్టుకున్నారు. అతని తరఫున ఎవరూ వకాలత్ వేయకూడదని సంఘం తీర్మానించింది. అధ్యక్షుడిగా సంతకం పెట్టింది ఇమ్మానుయేలు గారే.

వారం తర్వాత నాంచారయ్య భార్య పేరమ్మ వచ్చి ఆయన ఇంటి మెట్ల మీద కూర్చుంది.

"ఆ పొద్దు మా ఆయన పెద్దాసుపత్రిలో మా అమ్మ మంచం పక్కనున్నాడయ్యా. తొమ్మిదిమంది ప్లీడర్ల దగ్గరికెళ్లా. ఆసుపత్రి చీటీ చూడను కూడా చూళ్లేదు."

ఆయన చీటీ చూశారు. చాలాసేపు చూశారు. మర్నాడు అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చి, వకాలత్ వేశారు.

ఆరోజే వరండాలో సంఘం కార్యదర్శి సత్యప్రసాద్ ఆయన్ని పట్టి గుంజితే నేను భుజం దగ్గర చిరిగాను.

"భానుగాడి చితి ఇంకా చల్లారలేదు. మీకు మనసెలా ఒప్పిందండీ?"

"వాణ్ణి చంపినోడు బయట తిరుగుతున్నాడు సత్యం. నా మనసు ఒప్పుకోనిది అదే."

ఆ తర్వాత రెండేళ్లు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. టీకొట్టుకు ఆయన వెళితే బెంచీ ఖాళీ అయ్యేది. నాంచారయ్యకు బెయిలు రాలేదు. కళ్లారా చూశానన్న సాక్షి ఇమ్మానుయేలు గారి క్రాసు ప్రశ్నలకు తడబడి, అసలు ఆ రోజు ఊళ్లోనే లేనని ఒప్పుకున్నాడు. ఆసుపత్రి డాక్టరు వచ్చి నిజం చెప్పాడు. తీర్పు ఎలా వస్తుందో అందరికీ తెలిసిపోయింది.

తీర్పుకు పదకొండు రోజుల ముందు నాంచారయ్య జైల్లో పచ్చకామెర్లతో చనిపోయాడు. ముద్దాయి లేడు కనుక కేసు మూసేస్తున్నామన్నారు జడ్జి గారు.

"మనిషి పోయాడు సార్, మచ్చ పోలేదు. నిర్దోషి అని ఒక్క మాట రాయండి."

"చట్టం ఒప్పుకోదు ఇమ్మానుయేలు గారూ" అని జడ్జి గారు తల దించుకున్నారు.

బయట పేరమ్మ ఎదురొచ్చింది. "తీర్పు ఏమొచ్చిందయ్యా?" ఇమ్మానుయేలు గారు నన్ను విప్పి చేతిమీద వేసుకుని, ఆమె పక్కనే నేలమీద కూర్చుండిపోయారు. మళ్లీ నన్ను తొడుక్కోలేదు. ఆ వానాకాలంలోనే పోయారు.

ఇప్పుడు నేను సంఘం హాల్లో అద్దాల బీరువాలో వేలాడుతున్నాను. నన్ను ఇక్కడ పెట్టిన రోజున సంస్మరణ సభ జరిగింది. సత్యప్రసాద్ ఇప్పుడు అధ్యక్షుడు. "న్యాయం కోసం ఒంటరిగా నిలబడ్డ మహానుభావుడు" అన్నాడు. 'ఒంటరిగా' అన్న మాటను బాగా వత్తి పలికాడు. చప్పట్లు మోగాయి. అమ్మగారిని రెండు మాటలు చెప్పమన్నారు.

సుగుణమ్మ గారు మైకు దగ్గరికి వచ్చారు.

"సాయంత్రం ఆయన ఇంటికి రాగానే, ఇవాళ ఎవరన్నా పలకరించారా అని అడిగేదాన్ని. లేదనేవారు. కొన్నాళ్లకి అడగటం మానేశా."

అంతే చెప్పి వెళ్లి కూర్చున్నారు. తర్వాత ఎవరో తేరుకుని రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. హాలంతా లేచి, తలలు వంచుకుని నిలబడింది.

సుగుణమ్మ గారు లేవలేదు.