మూడో మలుపు

మూడో ట్యాంకరు నీళ్ళు చల్లేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆంజనేయప్ప వాల్వు బిగించి, బండి దిగి, తడి మట్టిమీద టైర్ల జాడలు చూస్తూ నడిచాడు. బాగేపల్లి బయట వేరుశనగ పీకేసిన బీడులో వేసిన దారి అది. రేపు ఆదివారం అక్కడ బైకు పందెం. దుమ్ము లేవకుండా తడపడం అతని పని. ఊళ్ళో కొళాయికి నీళ్ళొచ్చి ఆరు రోజులైంది, ఈ దారికి మాత్రం రోజుకు మూడు స్నానాలు. ముప్పై ఏళ్ళుగా ఎవరు ఎక్కడ పోయమంటే అక్కడ పోశాడు తప్ప, ఎందుకని ఎవరినీ అడగలేదు.

క్లచ్చి తొక్కి తొక్కి ఎడమ మోకాలు వంకరపోయింది. అరచేతులు కాయలు కాచాయి. పెళ్ళి కాలేదు, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, అతనూ గుర్తు చేయలేదు. అక్క అక్కయమ్మ ఇంట్లో ఒక మంచం, ఆమె ఒక్కగానొక్క కొడుకు రూపేష్, అంతే అతని సంసారం. ఆ రూపేష్ రేపటి పందెంలో ఉన్నాడు. “నీ కొడుకును నేను చూసుకుంటాలేక్కా,” అని మాటిచ్చి వచ్చాడు.

“రేపు ఎవురు గెలుస్తారప్పా? దినామూ చూస్తాండావు గదా,” అంది టీ అంగడి మునిరత్నమ్మ.

అందరూ బైకుల్ని చూసి చెప్పేవాళ్ళే. ఆంజనేయప్ప మట్టిని చూసి చెప్పేవాడు. “చింతామణి మోహన్‌కుమార్ ఉండాడే, వాడు శానా ఆలస్యంగా బ్రేకు పడతాడు. మలుపు మలుపుకీ మట్టి గట్టు మాదిరి లేస్తాండాది. పది చుట్లకు ఆ టైరు నిలవదు. చిక్కబళ్ళాపురం అమరనాథ్ జాడ చూడు, ఏడుసార్లు పోయినా ఒగే గీత. గెలిస్తే వాడే.”

“మీ రూపేషో?”

“నేరుదారిలో వాన్ని పట్టేవాడు లేడమ్మా.” మలుపుల మాట అతను ఎత్తలేదు.

మూడో మలుపులో రూపేష్ జాడ మూరెడు వెడల్పున అడ్డంగా విచ్చుకుని ఉంది. ఒకప్పుడు అక్కడ కుంట ఉండేది. పూడ్చి, పైన ఎర్రమట్టి పరిచారు. ఎర్రమట్టి గంటలో ఆరుతుంది, కింది నల్లమట్టి తడిని దాచుకుంటుంది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఇది తెలియక కాదు. నిన్న రూపేష్ వచ్చి, “మామా, ఆడ దుమ్ము కండ్లల్లో పడతాండాది, ఇంగో ట్యాంకరు పొయ్యి,” అంటే కాదనలేకపోయాడు. మేనల్లుడు అడిగితే కాదనడం అతనికి చేతకాదు. రేపు పన్నెండు బైకులు ఒరుసుకుంటూ వచ్చి ఆ మలుపు తిరుగుతాయి. ముందు వచ్చేది రూపేషే. జారాడంటే వెనకవాళ్ళు వాడిమీదనుంచే పోతారు. 

మూడో మలుపు అడుగున తడి ఉంది, బండ్లు జారతాయని పందెం పెట్టినవాళ్ళకు చెప్పాడు. “నీ పని నువ్వు చూసుకోప్పా,” అన్నారు. రూపేష్‌కు చెప్పాడు. వాడు నవ్వి, “వట్టిగా బయపడతాండావు మామా,” అని, కొత్త చైను కొనడానికి చింతామణి పోయాడు.

ఇక తనే పారా, గంపా తెచ్చుకున్నాడు. గట్టుమీది ఎండు మట్టి తవ్వి మలుపులో పరవసాగాడు. ఎనిమిదో గంపకు రొమ్ము పట్టేసింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. అంగడికి నడిచి, “గ్యాసు పట్టుకొండాదమ్మా, ఒక సోడా ఇయ్యి,” అన్నాడు.

“ఈ చెమటలేంది? ఆస్పత్రికి పోరాదా?”

“మద్యాన్నం ముద్ద ఎక్కువ తింటి.”

సోడా తాగితే తేన్పు వచ్చింది. తేన్పు వచ్చిందంటే గ్యాసేనని అతని నమ్మకం. ఈ చుట్టుపక్కల ఆ తేన్పును నమ్ముకునే ఎంతమంది పోయారో ఎవరూ లెక్కపెట్టలేదు.

తిరిగి వచ్చి చొక్కా విప్పి, మలుపు దగ్గరి వెదురు గడకు తగిలించి, మళ్ళీ పార పట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా మోశాడు. రూపేష్ వచ్చి ఆఖరి వెలుతురులో ఒక చుట్టు తిరిగాడు. మూడో మలుపులో బండి తొణకలేదు.

“మామా, ఇప్పుడు బాగుండాది,” అంటూ బండి ఆపి దగ్గరికి వచ్చాడు. ఆంజనేయప్ప బోర్లించిన గంపకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు దారిమీదే ఉన్నాయి. ఆ చుట్టు అతను చూశాడో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టి చూసి వదిలేశాడు.

పందెం ఆగలేదు. మామ శవాన్ని ఇంట్లో పెట్టుకుని బండెక్కేవాడు ఎవడు? రూపేష్ పేరు కొట్టేశారు. అక్కయమ్మ కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, తల గోడకు కొట్టుకుంటూ.

ఆదివారం తెల్లవారి ఇంకో ట్యాంకరు వచ్చింది. దాని డ్రైవరు కొత్తవాడు, పని తెలిసినవాడే. మూడో మలుపులో ఎండుమట్టి ఎక్కువగా ఉందని అక్కడ రెండుసార్లు పోశాడు. వెదురు గడమీద ఖాకీ చొక్కా ఆ నీళ్ళకు తడిసి, ఒక చెయ్యి దారి వైపు వేలాడుతూ ఉంది.